ముఖం పడని మేనమామ

ఆ ఏడు ఎండాకాలం మా ఇంటికి సినిమా వచ్చింది. చుట్టాలు వచ్చినట్టే వచ్చింది. ముందు ఇద్దరు మనుషులు వచ్చి మంచినీళ్ళు అడిగి తాగారు. మర్నాడు లారీలు దిగాయి.

ఉసిలంపట్టి నుంచి మా ఒత్తపట్టికి వచ్చే దారిలో పెద్ద వాకిలి, పొడుగాటి అరుగు, పక్కనే ఎద్దుల కొట్టం ఉన్న ఇల్లు మాదొక్కటే. మా ఇల్లు వాళ్ళకు నచ్చింది. వాళ్ళు మా ఆయన తవమణికి నచ్చారు. ఆ రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది. పంచె పైకి ఎగగట్టి, మీసం మీద వేలు వేసి, ఎవరో ఎదురుగా కెమెరా పట్టుకున్నట్టే నడిచేవాడు.

"ఏమయ్యా, ఎద్దులకు గడ్డి వెయ్యడానిక్కూడా ఆ నడకేనా?" అని నేను ఎగతాళి చేస్తే కూడా కోపం తెచ్చుకోలేదు. అంత సంబరంగా ఉన్నాడు.

సహాయ దర్శకురాలు కాంచన అనే పట్నం పిల్ల. చెవులకు ఎప్పుడూ ఏదో తగిలించుకునే ఉండేది. మా అత్త పెరుమాయి ఆమెను పట్టుకుని కథ ఏమిటో చెప్పమంది.

"రెండు కుటుంబాలవ్వా. ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళే. మాటా మాటా వచ్చి పగ పెరుగుతుంది. చెల్లెలి కూతురికి చెవులు కుట్టే రోజున మేనమామ డప్పులతో సారె తెస్తాడు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. సారె పళ్ళాల కింద వేటకొడవళ్ళు దాచుకుని శత్రువులు కూడా ఆ ఊరేగింపులోనే వస్తారు. పాప చెవికి సూది దిగే క్షణానే ఇతని మెడ మీద కత్తి దిగుతుంది. అక్కడ ఇంటర్వెల్."

మా అత్త తమలపాకు బుగ్గన పెట్టుకుని, "చంపుకోవడం దాకా ఎందుకమ్మాయ్? సారె పళ్ళెంలో ఒక మూర పూలు తగ్గినా చాలు, మావాళ్ళు ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోరు" అంది.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో అప్పటికి నాలుగేళ్ళు.

మా అన్న ఒచ్చప్పన్ ఉండేది వేప్పనూత్తులో. పొలాల దారిన పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరిపోయే ఊరు. జల్లికట్టులో అన్న ఎద్దు మూపురాన్ని మా ఆయన పట్టాడు. పట్టాడని వీళ్ళు, మూపురం కాదు తోక పట్టాడు, ఆ పట్టు చెల్లదని వాళ్ళు. జనం మధ్యలో మా అన్న నోరు జారాడు. "చెల్లెల్ని ఇచ్చాను గానీ ఎద్దును ఇవ్వలేదు" అన్నాడు. అంతే. నాలుగేళ్ళుగా అన్న మా గడప తొక్కలేదు, మా ఆయన నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు.

మా వైపు పిల్లలకు చెవులు కుట్టేది మేనమామ ఒళ్ళోనే. అదీ బేసి ఏట. నా కూతురు యాళినికి ఒకటో ఏడు ఆ గొడవలో పోయింది. మూడో ఏడు పంతంలో పోయింది. ఇప్పుడు ఐదో ఏడు. చెవులు కుట్టేనాడు మేనమామ ఒడి తప్పిపోతే ఆ తర్వాత అతను ఏ వేడుకకూ రాడు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు, పెళ్ళి పీటల మీద కూర్చున్నప్పుడు ముందు నిలబడవలసిన మనిషి ఉండడు. నాకు పుట్టిల్లు ఉన్నా లేనట్టే. ఆ సంగతి తల్చుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

శివరాత్రికి అన్న మా పెద్దమ్మతో కబురు పంపాడు. పొట్టేళ్ళను మేపుతున్నాడట, పిల్లకు కమ్మలు చేయించాడట, బావ ఊ అంటే వైశాఖంలో సారెతో వస్తాడట. నేను ఆ మాట మా ఆయన చెవిన వేశాను. ఆయన ఊ అనలేదు. అలాగని ఊహూ అని కూడా అనలేదు. నాలుగేళ్ళలో మా అన్న పేరు ఎత్తితే కంచం విసరకుండా ఉన్నది అదే మొదటిసారి. పిచ్చిదాన్ని, మెత్తబడ్డాడనుకున్నాను.

*

సినిమాలో చెవులు కుట్టించుకునే పాపగా యాళినిని పెట్టుకుంటామని డైరెక్టరు అడిగితే మా ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. నేను కాంచనను పక్కకు పిలిచి అడిగాను.

"అమ్మాయ్, సూది గుచ్చరు కదా?"

"అయ్యో, గుచ్చరక్కా. జిగురుతో కమ్మ అతికిస్తాం, ఎర్ర రంగు ఒక చుక్క. పాప ఏడిస్తే చాలు. ఏడుస్తుందా?"

"అడక్కుండానే ఏడుస్తుంది" అన్నాను.

ఆ సీను తీసే రోజు నాక్కూడా జనంలో ఒకదానిగా నిలబడమని పట్టుచీర ఇచ్చారు. మేకప్ వేసే ఆవిడ నా ముఖానికి పౌడరు అద్ది, "మీ ముక్కు కెమెరాకు బాగుంటుందక్కా" అంది. ఇంక చూడండి, ఆ ముక్కు పెట్టుకుని పొద్దున్నంతా వాకిట్లో తెగ తిరిగాను.

మేనమామ వేషం వేసింది ఇళంపరిది. పోస్టర్ల మీద మీసం మెలేసి కళ్ళెర్రజేసే మనిషే గానీ, దగ్గరకొస్తే మెత్తగా మాట్లాడేవాడు. యాళినికి కమ్మర్‌కట్టు మిఠాయి చేతిలో పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన పెద్ద మీసం అంటించిందో నిజమైందో లాగి చూడమన్నాడు. అది నిజంగానే లాగింది. అందరూ ఘొల్లుమన్నారు.

కంసాలిగా ఉసిలంపట్టి నుంచి మా కంసాలినే పిలిపించారు. మొహం సహజంగా ఉండాలని పిలిచారేమో అనుకున్నాను. డప్పులు మోగాయి. అద్దె పళ్ళాల్లో పూలు, పళ్ళు, పట్టుబట్టలు పట్టుకుని ఆడవాళ్ళు నడిచి వచ్చారు. కెమెరా తిరుగుతోంది. కంసాలి వంగాడు. యాళిని కెవ్వుమంది.

అది నా కూతురి ఉత్తుత్తి ఏడుపు కాదు. దాని ఏడుపుల్లో ఏది దేనికో నాకు తెలుసు. డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడి చేతులు పిసుక్కుంటూ "అద్భుతం, ఆపొద్దు, ఆపొద్దు" అంటున్నాడు. నేను జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి ఇళంపరిది తన అరచెయ్యి చూసుకుంటున్నాడు. అరచేతిలో ఎర్రగా ఉంది.

"ఏమయ్యా, ఇది నిజం సూదా?" అని కంసాలిని అడిగాడు.

"అవును బాబూ. పిల్ల తండ్రే చెప్పాడు. ఎలాగూ కుట్టాల్సిందే కదా, ఇక్కడే కానిచ్చెయ్యమన్నాడు."

ఇళంపరిది తలెత్తి మా ఆయన వైపు చూశాడు. "ఈ పాపకు మేనమామ లేడా?"

మా ఆయన నవ్వాడు. "ఎందుకు లేడు సార్? మీరున్నారుగా."

వెనకనున్న దాయాదులంతా గొల్లున నవ్వారు. మాయాండి అని మా ఆయనకు అన్న వరస, ఊళ్ళో ఎక్కడ పుల్ల పెట్టాలన్నా వాడే, నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు.

ఇళంపరిది నవ్వలేదు. "మాదీ కంబం పక్క పల్లేనయ్యా. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం అంటే ఏమిటో నాకు తెలీదనుకున్నావా? నేను వేసింది వేషం. ఈ పిల్ల కోసం ఎక్కడో ఒకడు కాచుక్కూర్చునే ఉంటాడు. నా చేత వాడి నోట్లో మట్టి కొట్టించావు."

పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నా ముఖంలోకి చూడలేకపోయాడు. రెండో చెవికి తనను పిలవొద్దని డైరెక్టరుతో చెప్పేసి, తిండి కూడా తినకుండా కారెక్కి మధురై వెళ్ళిపోయాడు. ఎవరో దారిన పోయే నటుడికి ఉన్న సిగ్గు నేను కట్టుకున్నవాడికి లేకపోయింది. ఆ పట్టుచీరలో, ఆ పౌడరు మొహంతో నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఎద్దుల కొట్టంలో ఆయన్ని నిలదీశాను.

"ఎందుకు చేశావయ్యా ఈ పని?"

"ఏం చేశాను? పెద్ద నటుడి ఒళ్ళో నా కూతురికి చెవులు కుట్టించాను. ఎవరికి దక్కుతుందే ఈ అదృష్టం?"

"మా అన్న పొట్టేళ్ళు మేపుకుంటూ..."

"మీ అన్నకు ఎద్దు ఉందిగా. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టుకోమను."

నాలుగేళ్ళ కిందటి మాటకు జవాబు అది. నాలుగేళ్ళూ ఆ జవాబును నోట్లో పెట్టుకుని నములుతూ తిరిగాడన్నమాట.

*

మర్నాడు బస్సు ఆగే చోట ఫ్లెక్సీ లేచింది. యాళిని నోరు తెరుచుకుని ఏడుస్తున్న ఫోటో, ఇళంపరిది ఒళ్ళో. పైన పెద్ద అక్షరాలతో "మా ఇంటి మహాలక్ష్మి యాళిని చెవికుట్టు వేడుక", కింద "మేనమామ: నటసింహం ఇళంపరిది". ఇంకా కింద నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకున్న దాయాదుల మొహాలు వరసగా. మాయాండిది మిగతావాళ్ళకంటే కాస్త పెద్దది.

కుళాయి దగ్గర బిందె పెట్టేసరికి ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఒక్కత్తె మాత్రం ఉండబట్టలేక నన్ను పేరు పెట్టి పిలిచి అడిగింది. "ఏమే పేచీ, మీ అన్న సినిమాల్లో చేరాడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆ ఫ్లెక్సీ అన్న చూశాడని సాయంత్రానికి తెలిసింది. బస్సు దిగి, దాని ఎదురుగా చాలాసేపు నిలబడి, అదే బస్సు తిరిగి వచ్చేదాకా ఆగి ఎక్కి వెళ్ళిపోయాడట. ఇక ఊరంతా ఒకటే ఎదురుచూపు. ఈ రోజు వస్తాడు కొడవలితో, కాదు రేపు వస్తాడు అని. మాయాండి, వాడి తోడు నలుగురు మా అరుగు మీదే మకాం పెట్టారు. బల్లకింద దుడ్డుకర్రలు. షూటింగ్ వాళ్ళకు కూడా వినోదంగానే ఉంది.

"నిజంగా నరుక్కుంటారా అక్కా?" అని కాంచన నన్ను అడిగింది. భయంగా అడిగినట్టే ఉంది గానీ, ఫోను మాత్రం చేతిలో సిద్ధంగా పట్టుకుంది.

"మీ సినిమాలో ఎప్పుడు నరుకుతారో నీకు తెలుసు. మా వాళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా" అన్నాను.

నా భయం అంతా అన్న వస్తాడనే. ఆయన కోపం నేను చిన్నప్పటి నుంచీ ఎరిగినదాన్ని. వచ్చి ఎవరినైనా ఏమైనా చేస్తే జైలుకు పోతాడు, నేను ఈ ఇంట్లో ఉండలేను. రాకపోతే మా వాళ్ళు రోషం లేనివాళ్ళని ఈ ఊరు నవ్వుతుంది. ఎటు చూసినా నాకు దారి లేదు.

ఇంతలో డైరెక్టరుకు ఇంకో షాటు కావాల్సి వచ్చింది. రెండో చెవికి సూది దిగేటప్పుడు దగ్గర నుంచి తియ్యాలి. ఒడి, చేతులు, పాప చెవి, అంతే. ఇటు మా అత్త పెరుమాయి కూడా పోరు మొదలుపెట్టింది. "ఒంటి చెవితో పిల్లను వదిలేస్తార్రా? ఎంత అపశకునం! ఏదో ఒకటి తేల్చండి" అని. కానీ కూర్చునే ఒడి ఏది? నటుడు రానన్నాడు.

కాంచన అరుగు మీది మగవాళ్ళను అడిగింది. "భుజాలు కాస్త వెడల్పుగా ఉన్నవాళ్ళెవరైనా రండి. ముఖం పడదు. ఒడి చాలు."

మాయాండి మోకాలు రుద్దుకున్నాడు. "నాకు కీళ్ళవాతం అమ్మాయ్. బాసింపట్టు వేసుకుని కూర్చోలేను."

"మీరన్నా?"

"నా సొంత మేనకోడళ్ళే నలుగురున్నారు. వాళ్ళకు తెలిస్తే ఊరుకోరు."

మూడోవాడు ఏమీ చెప్పకుండానే లేచి ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. అవి మా ఎద్దులు. నిన్నటిదాకా ఈలలు వేసినవాళ్ళే. పక్కవాడి చోటు ఖాళీగా ఉంటే నవ్వడం తేలికే. ఆ చోట్లో వెళ్ళి కూర్చోవాలంటే ఒక్కడికీ కాళ్ళాడలేదు.

"పోనీ నేనే కూర్చుంటా" అన్నాడు మా ఆయన.

మా అత్త నెత్తి కొట్టుకుంది. "కన్నతండ్రి ఒళ్ళో చెవులు కుడతార్రా ఎక్కడైనా? నా కొడుక్కి ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో తల్లీ!"

ఆయన మీసం మీది వేలు కిందకు దిగింది. ఈ సంగతి అంతా పొలాల దారిన వేప్పనూత్తుకు ఎలా పోయిందో నాకు తెలీదు. ఎవరో చేరేశారు.

*

మర్నాడు పొద్దున అన్న ఒక్కడే వచ్చాడు. నడిచే వచ్చాడు. భుజం మీంచి తువ్వాలు ముందుకు వేలాడుతోంది, కుడి చెయ్యి ఆ తువ్వాలు కింద ఉంది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా లేచారు. మాయాండి బల్ల కిందకు వంగాడు. మా ఆయన కదలకుండా నిలబడ్డాడు. నేను యాళినిని గట్టిగా నా చీర కుచ్చిళ్ళలోకి లాక్కున్నాను.

అన్న ఎవరి వంకా చూడలేదు. నేరుగా కాంచన దగ్గరకు వెళ్ళాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. దాని కింద చెమటకు తడిసిన చొక్కా తప్ప ఏమీ లేదు.

"ఒడి కావాలన్నారంట కదమ్మాయ్?"

కాంచనకు ఆయన ఎవరో తెలీదు. వెనక్కి వెళ్ళి భుజాలు చూసింది, ముందుకు వచ్చి ఎత్తు చూసింది. "సరిగ్గా సరిపోయారన్నా. ఒక్కటే, మీ ముఖం మాత్రం పడదు. తర్వాత బాధపడకూడదు."

"పడక్కర్లేదమ్మా."

"పేరు?"

అన్న అప్పుడు ఒక్కసారి నా వైపు చూశాడు. "ముఖమే లేనివాడికి పేరెందుకులే" అన్నాడు.

ఊరు ఊరంతా చూస్తోంది. ఆయనెవరో చెప్పాలని నాకు గొంతు దాకా వచ్చింది. చెబితే మా ఆయన వద్దంటాడేమోనని భయం, చెప్పకపోతే తోడబుట్టినవాణ్ణి కూలికి వచ్చినవాడిలా నిలబెట్టానన్న సిగ్గు. నోరు మూసుకున్నాను.

ఇళంపరిది వేసుకున్న గంధం రంగు పట్టుచొక్కా ఆయనకు తొడిగారు. భుజాల దగ్గర బిగుసుకుపోయింది. చేతికి ఆ నటుడి గడియారం, వేలికి గిల్టు ఉంగరం. పీట మీద కూర్చోబెట్టారు. యాళినికి ఆయన ఎవరో తెలీదు. తెలిసే వయసు వచ్చాక చూస్తే కదా. కంసాలిని చూడగానే నా కాళ్ళకు చుట్టేసుకుంది.

"ఏదీ, కుట్టిన చెవి ఏది? నాకు చూపించవూ?" అని అన్న అడిగాడు.

అది కాస్త దగ్గరకు వెళ్ళి చెవి చూపించింది. "నువ్వెవరు?"

అన్న నోరు తెరిచాడు. ఎదురుగా మా ఆయన ఉన్నాడు. "నేనా... కాసేపు కూర్చుందామని వచ్చానమ్మా. ఒక్కణ్ణే కూర్చోవాలంటే భయం. తోడు కూర్చుంటావా?"

భయపడేవాడంటే జాలి వేసిందేమో, అది ఎక్కి కూర్చుంది.

కెమెరాను చాలా దగ్గరకు తెచ్చారు. కంసాలి సూది ఎత్తాడు. ఈసారి దానికి సంగతి తెలుసు కాబట్టి సూది తగలకముందే ఏడుపు అందుకుంది. అన్న దాని తల మీదకు వంగి చెవిలో ఏదో చెప్పబోయాడు.

"తల వంచొద్దన్నా! ముఖం ఫ్రేములోకి వస్తోంది" అని కాంచన అరిచింది.

అన్న నిటారుగా అయ్యాడు. సూది దిగింది. పిల్ల గిలగిల్లాడిపోతూ ఆయన చొక్కా పళ్ళతో పట్టుకుంది. అన్న మెడ మళ్ళీ వంగింది.

"అన్నా, తల! తల పైకి!"

ఆయన తల పైకెత్తి ఎదుటి గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. చేతులు మాత్రం పిల్ల వీపు మీద నిమురుతూనే ఉన్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. చేతులు కెమెరాలో ఉన్నాయి కాబట్టి తుడుచుకోవడానికి లేదు. చూసేవాళ్ళంతా చూశారు.

మా ఆయన డైరెక్టరు పక్కన నిలబడి చిన్న తెర మీద చూస్తున్నాడు. ఆ తెర మీద చొక్కా, చేతులు, ఏడుస్తున్న పిల్ల. ముఖం లేదు. ఆయన తెర మీంచి కళ్ళెత్తి మనిషి వంక చూశాడు. ఆ తర్వాత మళ్ళీ తెర వంక చూడలేదు. తన కాళ్ళ వంకే చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఓకే" అన్నాడు డైరెక్టరు. "చేతులు భలే నటించాయి."

*

పట్టుచొక్కా మీద ఛాతీ దగ్గర రక్తపు మరక పడింది, పిల్ల చొంగ కూడా. బట్టల పెట్టె చూసుకునే ఆయన వచ్చి అన్న మీద విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా డూపూ, ఇది ఎవరి చొక్కా అనుకున్నావ్? మధురైలో రేపు ఇదే చొక్కాతో సీను ఉంది. మరకతో పంపితే నా ఉద్యోగం ఊడుతుంది. కూర్చోమంటే కూర్చోవడం కూడా రాదా నీకు?"

వేప్పనూత్తులో పంచాయతీ జరిగితే ఆఖరి మాట మా అన్నదే. ఆయన ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు లేడు. ఆయన చొక్కా విప్పి, బనీనుతో మా వాకిట్లో ఉన్న పంపు దగ్గరకు నడిచి, గొంతుకూర్చుని ఆ మరక మీద నీళ్ళు చల్లి బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు. పంపు కొట్టేవాళ్ళు లేక, ఒక చేత్తో తనే కొట్టుకుంటూ ఇంకో చేత్తో ఉతుకుతున్నాడు. నేను కదిలేలోపే మా ఆయన కదిలాడు. వెళ్ళి పంపు పిడి పట్టుకున్నాడు. నాలుగు సార్లు కొట్టాడు.

"ఇటివ్వు బావా. నేను ఉతుకుతా."

నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట.

అన్న తల ఎత్తలేదు. "వద్దులే. ఇది నా మేనకోడలి రక్తం. నేనే కడుక్కుంటా."

మాయాండి అరుగు ఎప్పుడు దిగాడో, కర్ర పక్కన పడేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరక పోయింది. అన్న చొక్కా పిండి, బట్టలాయనకు అప్పగించి, తన చొక్కా తొడుక్కున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"భోంచేసి వెళ్ళు బావా" అన్నాడు మా ఆయన.

అన్న ఆగాడు. అప్పుడు చూశాడు ఆయన్ని, మొదటిసారి సూటిగా. ఆ చూపులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేది.

"ఎవరిగా భోంచెయ్యమంటావు? మేనమామగానా, డూపుగానా?"

మా ఆయన పెదవులు కదిలాయి. ఒక్క మాట చెబితే చాలు. దాయాదులు అందరూ అక్కడే ఉన్నారు, ఊరు అంతా అక్కడే ఉంది. ఆయన చెమట తుడుచుకున్నాడు, మీసం తడుముకున్నాడు. ఆ మాట రాలేదు. అన్న ఆగవలసినంతసేపు ఆగాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి నడిచాడు.

నేను కట్టుకున్న చీరైనా మార్చుకోలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని ఆయన వెనకే బయల్దేరాను. వెళ్ళనా అని ఎవరినీ అడగలేదు, వస్తానని ఎవరికీ చెప్పలేదు. వాకిలి దాటుతుంటే వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"యాళినీ!"

నేను ఆగిపోయాను. పిలిచి తిట్టబోతున్నాడనుకున్నాను. మా అత్త కూడా అలాగే అనుకుందేమో, అడ్డం రాబోయింది.

"దారి బాగోదు తల్లీ, పరిగెత్తకు. మావయ్య చెయ్యి పట్టుకుని నడువు."

యాళిని వెనక్కి తిరిగి తండ్రిని వింతగా చూసింది. "మావయ్య కారెక్కి వెళ్ళిపోయాడు కదా నాన్నా?"

ఎవరో అరుగు మీద దగ్గారు. మా ఆయన తల పూర్తిగా దిగిపోయింది. చెవులకు చేతులు అడ్డం పెట్టుకోవాలనిపించింది నాకు. ఐదేళ్ళ పిల్ల. దానికి మేనమామ ఎవరో నేర్పింది మేమే కదా.

"ఆయన కాదమ్మా" అన్నాడు మా ఆయన, అందరికీ వినబడేలా. "ఈయన."

గుమ్మం బయట అన్న ఆగాడు. వెనక్కి తిరగలేదు. చెయ్యి ఒక్కటి వెనక్కి చాచాడు.